కలిపాక కిలో ఎంత పడింది?

పాఠకుల ప్రశ్నలు – లెక్కల జవాబులు

విశాఖ నుంచి, చుట్టుపక్కల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే చిక్కు. రెండు మూడు ధరల సరుకు కలిపితే కిలోకి ఎంత పడినట్టు? కాఫీ పొడి, నూనె, రొయ్యలు, మిరపకారం, పాత బంగారం... సరుకు మారుతోంది గానీ తప్పు జరిగే చోట్లు మాత్రం అవే. ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబిస్తున్నాం. ధరలు ఉత్తరాల్లో ఉన్నవే వేశాం. మీ దగ్గరి ధరలు వేసుకుని కట్టుకోండి.

ప్రశ్న: గాజువాకలో చిన్న కాఫీ పొడి దుకాణం పెట్టాం. అరకు అరబికా పచ్చి గింజ కిలో 560 చొప్పున 12 కిలోలు, రోబస్టా పచ్చి గింజ 440 చొప్పున 8 కిలోలు, వేయించి పొడి చేసిన చికోరీ 180 చొప్పున 5 కిలోలు కొన్నాం. మూడు ధరలూ కూడి మూడుతో భాగిస్తే 393 వచ్చింది. కిలో 450కి అమ్ముతున్నాం. గింజ వేయించి పొడి పట్టినందుకు పచ్చి గింజ మీద కిలోకి 30 రూపాయలు ఇస్తున్నాం. గిరాకీకి లోటు లేదు, గల్లాలో మాత్రం ఏమీ మిగలడం లేదు. ఎక్కడ పోతోంది? – ఒక దుకాణదారు, గాజువాక

జవాబు: రెండు చోట్ల పోతోంది. మొదటిది మీరు కట్టిన సగటే. ధరలు కూడి మూడుతో భాగించడం, మూడు సరుకులూ సమాన తూకంలో కొన్నప్పుడే చెల్లుతుంది. మీరు 560 సరుకు 12 కిలోలు కొన్నారు, 180 సరుకు 5 కిలోలే కొన్నారు. రెండింటికీ ఒకే పీట వేస్తే సగటు చవక సరుకు వైపు ఒరిగిపోతుంది. ధరల సంగతి పక్కన పెట్టి, మొత్తం ఎంత డబ్బు పోశారో చూడండి. 12 × 560 = 6,720. 8 × 440 = 3,520. 5 × 180 = 900. అంతా కలిపి 11,140. దీన్ని 25 కిలోలతో భాగిస్తే 445 రూపాయల 60 పైసలు. దీన్నే పాఠ్యపుస్తకాల్లో భారిత సగటు అంటారు. అంటే 450కి అమ్మినా చేతికి మిగిలేది నాలుగున్నర రూపాయలు లోపే, అదీ వేపుడు కూలి లెక్కేయకుండా.

అసలు పెద్ద గండి రెండోచోట ఉంది. మీరు కొన్నది 25 కిలోలు. అమ్మేది 25 కిలోలు కాదు. పచ్చి గింజలో పది నుంచి పన్నెండు శాతం దాకా తేమ ఉంటుంది. వేయించేటప్పుడు అది ఆవిరైపోతుంది, కొంత పదార్థం గ్యాసుగా పోతుంది, పైన పలచటి పొర పొట్టుగా ఊడిపోతుంది. లేత వేపుడుకి తరుగు తక్కువ, నల్లగా వేయిస్తే ఎక్కువ. మామూలుగా 14 నుంచి 20 శాతం మధ్య ఉంటుంది. 17 శాతం అనుకుంటే మీ 20 కిలోల గింజ 16.6 కిలోలవుతుంది. పొడి పట్టేటప్పుడు మిషన్‌లో అంటుకున్నదీ ఎగిరిపోయిందీ మరో 200 గ్రాములు తీసేస్తే 16.4. చికోరీ 5 కలిపితే 21.4 కిలోలు. అమ్ముకోవడానికి మీకున్నది ఇంతే.

ఇప్పుడు డబ్బు వైపు 11,140కి వేపుడు కూలి 600 కలిపితే 11,740. 21.4తో భాగిస్తే కిలో 548 రూపాయల 60 పైసలు పడింది. 450కి అమ్మిన ప్రతి కిలో మీదా దాదాపు 99 రూపాయలు చేతి నుంచి వేస్తున్నారన్నమాట. గిరాకీ ఎంత పెరిగితే అంత నష్టం. కవర్లు, కరెంటు, అద్దె ఇందులో లేనేలేవు.

ఈ లెక్కలో మీరు అడగని సంగతి ఇంకొకటి బయటపడుతోంది. 20 కిలోల గింజకి 5 కిలోల చికోరీ కాబట్టి మీది 80:20 పొడి అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. వేయించాక అది 16.4కి 5, అంటే దాదాపు 76.6:23.4. పాకెట్ మీద 80:20 అని వేస్తే తప్పు రాసినట్టే. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలనీ, రెండింటి శాతాలూ పాకెట్ మీద వేయాలనీ ఆహార భద్రతా నిబంధన. నిజంగా 80:20 కావాలంటే 16.4 కిలోల కాఫీకి 4.1 కిలోల చికోరీ చాలు. అప్పుడు ఖర్చు 11,578, సరుకు 20.5 కిలోలు, కిలోకి 564 రూపాయల 78 పైసలు. తొమ్మిది వందల గ్రాముల చికోరీ తగ్గితే కిలోకి 16 రూపాయలు పెరిగింది చూశారా? చికోరీ మోతాదును కళ్లతో కాదు, కాటాతో చూసుకోవాల్సింది అందుకే.

అరబికా, రోబస్టా విడివిడిగా వేయించి, చల్లారాక విడివిడిగా తూచండి. రెండింటి తరుగూ ఒకేలా ఉండదు, వేపుడు వేపుడుకీ మారుతుంది కూడా. 17 శాతం అని మేం వేసుకున్న అంకె మీ కాటా చెప్పే అంకెకి ప్రత్యామ్నాయం కాదు. చికోరీ గాలిలో తేమని ఊరికే పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలికి మూత తీసిన డబ్బాలో గడ్డకట్టేస్తుంది. ఆ నీటి బరువు మీకు కలిసొచ్చినట్టు కనిపిస్తుంది గానీ పొడి పాడై తిరిగొచ్చే పాకెట్లు అంతకంటే ఎక్కువ తినేస్తాయి.

అమ్మే ధర గురించి ఒక్కమాట. అమ్మిన ప్రతి 100 రూపాయల్లో 20 మిగలాలనుకుంటే 548.60ని 0.8తో భాగించాలి, 686 వస్తుంది. కొన్న ధర మీద 20 శాతం వేస్తే 658 దగ్గరే ఆగుతారు. రెండూ 20 శాతమే అనిపించినా మధ్యలో కిలోకి 28 రూపాయల తేడా ఉంది.

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. నువ్వుల నూనె లీటరు 400, వేరుశనగ నూనె టిన్ను 2,700. ఒక లీటరు నువ్వుల నూనెకి మూడు లీటర్ల వేరుశనగ నూనె కలుపుతాను. టిన్నులో 15 కదా, లీటరు 180 అనుకుని కడితే సగటు 235 వస్తోంది. మా ఆడపడుచు 223 అంటోంది. ఎవరిది రైటు? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆడపడుచు గారిదే. టిన్ను మీద ఏముందో ఒకసారి తిప్పి చూడండి. 15 కిలోలని ఉంటే అది 15 లీటర్లు కాదు. నూనె నీటి కంటే తేలిక. లీటరు వేరుశనగ నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. లీటరు పాకెట్ల మీద 910 గ్రాములని కనిపించేది అందుకే. కాబట్టి 15 కిలోల టిన్నులో దాదాపు పదహారున్నర లీటర్లు ఉంటాయి. కిలో 180 అయితే లీటరు 163 రూపాయల 80 పైసలు. మూడు లీటర్లకి 491.40, నువ్వుల నూనె 400, మొత్తం 891.40. నాలుగుతో భాగిస్తే లీటరు 222 రూపాయల 85 పైసలు.

15 లీటర్ల టిన్నులు కూడా బజారులో ఉన్నాయి. వాటిని 15 కిలోలనుకుంటే పొరపాటు అటు తిరిగి మీ మీద పడుతుంది. పచ్చడి కిలోల్లో అమ్ముతారు కాబట్టి నూనెని కూడా కిలోల్లోకి మార్చుకోవడం మంచిది. నువ్వుల నూనె లీటరుకి 920 గ్రాములు వేసుకుంటే మీ నాలుగు లీటర్లూ 3.65 కిలోలు, అంటే కిలో 244 రూపాయలు. పచ్చడి లెక్కలో లీటరు ధర 223 వేసి కిలోల్లో నూనె పోస్తే ప్రతి కిలో నూనె మీదా 21 రూపాయలు కనిపించకుండా పోతాయి.

మీ పచ్చడిలోకి ఎలా కలుపుకున్నా ఇబ్బంది లేదు. ఆ కలిపిన నూనెనే సీసాల్లో పోసి అమ్మాలనుకుంటే మాత్రం వేరే దారి. కలిపిన వంటనూనెలో ప్రతి నూనె బరువులో కనీసం 20 శాతం ఉండాలి, లూజుగా అమ్మకూడదు, సీలు వేసిన పాకెట్ కావాలి.

ప్రశ్న: ద్వారకానగర్‌లో పోటీ పరీక్షలకి కోచింగ్ తీసుకుంటున్నాను. "కిలో 48 బియ్యాన్నీ 66 బియ్యాన్నీ ఏ నిష్పత్తిలో కలిపి 63.25కి అమ్మితే 15 శాతం లాభం?" అనే లెక్కకి నాకు 11:61 వస్తోంది. జవాబుల కీలో 11:7 ఉంది. అలిగేషన్‌లో (రెండు ధరల సరుకు ఏ నిష్పత్తిలో కలపాలో కట్టే పద్ధతి) అడ్డంగా తీసివేయడం ఎందుకో కూడా చెప్పండి. – ఒక విద్యార్థి

జవాబు: నాయనా, మీరు 63.25ని మధ్యలో పెట్టారు. అది అమ్మిన ధర. 48, 66 కొన్న ధరలు. ఆ రెంటి మధ్యా కూర్చోవాల్సింది కూడా కొన్న ధరే. 63.25ని 1.15తో భాగిస్తే 55. ఇప్పుడు 66 – 55 = 11, 55 – 48 = 7. చవక బియ్యం 11, ఖరీదు బియ్యం 7. సరిచూసుకోవడం అర నిమిషం పని: 11 × 48 = 528, 7 × 66 = 462, మొత్తం 990, పద్దెనిమిదితో భాగిస్తే 55.

అడ్డంగా ఎందుకంటే, 55 దగ్గర నిలబడి రెండు వైపులా చూడండి. ప్రతి కిలో చవక బియ్యం మీద 7 రూపాయలు మిగులుతాయి. ప్రతి కిలో ఖరీదు బియ్యం మీద 11 రూపాయలు తరుగుతాయి. మిగులూ తరుగూ సరిపోవాలంటే 7 మిగిలేది 11 కిలోలు, 11 తరిగేది 7 కిలోలు వేయాలి. రెండు వైపులా 77. ఇది తెలిస్తే గీతలు గీయకపోయినా లెక్క వస్తుంది. సగటు ధర రెండు ధరల మధ్య లేకపోతే లెక్క మొదటి అడుగులోనే తప్పిందని కూడా అర్థమవుతుంది.

మూడు రకాలిస్తే గాభరా పడకండి. 40, 52, 70 రకాలు కలిపి 55 రావాలంటే 1:5:2 సరిపోతుంది, 2:5:3 కూడా సరిపోతుంది. ఇంకా ఎన్నైనా ఉంటాయి. జవాబు ఒక్కటే ఉండాలంటే ప్రశ్నలో మరో షరతు ఉండాలి. లేదంటే ఇచ్చిన నాలుగు ఆప్షన్లనీ ఒక్కొక్కటిగా వేసి చూడటమే త్వరగా తేలే దారి.

ప్రశ్న: మా అత్తగారి పాత నగల్లో 22 క్యారెట్లవి 24 గ్రాములు, 18 క్యారెట్లవి 16 గ్రాములు ఉన్నాయి. కరిగించి 22 క్యారెట్ల గాజులు చేయించాలని ఉంది. ఎంత మేలిమి కలపాలి? – ఒక పాఠకురాలు, వన్‌టౌన్

జవాబు: క్యారెట్‌ని ధర అనుకోండి, గ్రాముని కిలో అనుకోండి, లెక్క అదే. 24 × 22 = 528, 16 × 18 = 288, మొత్తం 816. 40తో భాగిస్తే 20.4 క్యారెట్లు. దీన్ని 22 చేయడానికి 24 క్యారెట్ల మేలిమి కలపాలి. 24 – 22 = 2, 22 – 20.4 = 1.6. పాతది 2 పాళ్లకి మేలిమి 1.6 పాళ్లు, అంటే 40 గ్రాములకి 32 గ్రాములు.

కానీ ముందే 32 గ్రాములు కొనేయకండి. కరిగించినప్పుడు టాకాలోని (నగల అతుకులోని) తక్కువ లోహం, మట్టి పోతాయి. రాళ్లూ లక్కా ఉంటే అవి ముందే విడిపోతాయి, వాటి బరువు ఈ 40లో ఉండకూడదు. కరిగాక ముద్ద 39.2 గ్రాములే తూగిందనుకుందాం. పోయింది బంగారం కాకపోతే 816 అలాగే ఉంటుంది. 39.2తో భాగిస్తే 20.8 క్యారెట్లు. ఇప్పుడు కలపాల్సిన మేలిమి 32 కాదు, 23.2 గ్రాములు. అర చెంచాడు మట్టి కూడా లేని తరుగుకి దాదాపు తొమ్మిది గ్రాముల మేలిమి తేడా! అందుకని ముద్ద తూచి, స్వచ్ఛత పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే మేలిమి మాట ఎత్తండి.

తరిగాక మిగిలిన బరువుతోనే భాగించాలన్నది కొత్త సంగతేమీ కాదు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు బంగారం కలిపే లెక్కల్లో ఈ సూత్రం చెప్పాడు. పైన కాఫీ గింజకి చేసింది కూడా అదే భాగహారం.

ప్రశ్న: మద్దిలపాలెంలో మెస్ నడుపుతున్నాం. ఫిషింగ్ హార్బర్‌లో వెళ్లినప్పుడల్లా 3,000 రూపాయల రొయ్యలే కొంటాం. మూడుసార్లు కిలో 500, 400, 300 చొప్పున పడ్డాయి. సగటు 400 కదా? తల, తొక్క తీశాక మూడుసార్లవీ కలిపి 12 కిలోలు వచ్చాయి. – ఒక మెస్ యజమాని

జవాబు: ప్రతిసారీ ఒకే తూకం కొంటే 400. మీరు ఒకే డబ్బు పెడుతున్నారు, అంటే చవకగా ఉన్నప్పుడు ఎక్కువ కొంటున్నారు. 6 కిలోలు, 7.5 కిలోలు, 10 కిలోలు, మొత్తం 23.5. 9,000ని 23.5తో భాగిస్తే దాదాపు 383. లెక్కల పుస్తకం దీన్ని హరాత్మక మధ్యమం అంటుంది. పేరు గుర్తుండకపోయినా పర్వాలేదు, మొత్తం డబ్బుని మొత్తం కిలోలతో భాగిస్తే అదే వస్తుంది.

ఈ తేడా మీకు లాభమే గానీ, కూర లెక్క కట్టాల్సింది 383తోనూ కాదు, 400తోనూ కాదు. గిన్నెలో పడింది 12 కిలోలు. 9,000ని 12తో భాగిస్తే 750. ప్లేటుకి 100 గ్రాముల రొయ్య వేస్తే రొయ్యకే 75 రూపాయలు. ఐసులోంచి తీసిన రొయ్యని నీళ్లు వోడ్చాకే తూయించుకోండి, లేకపోతే రొయ్య ధరకి నీళ్లు కొంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలల మెనూకి మార్చి నాటి సగటు పెట్టుకోకండి.

ప్రశ్న: పూర్ణా మార్కెట్ దగ్గర కిరాణా. మిరపకారం పాతది 40 కిలోలు (కిలో 210) ఉండగా 60 కిలోలు 260కి తెచ్చి కలిపాం. 70 కిలోలు అమ్మాక 90 కిలోలు 200కి తెచ్చాం. ఇప్పుడున్న సరుకు ఎంత పడినట్టు? మావాడు 223 అంటున్నాడు.

జవాబు: 210. మీవాడు మూడు ధరలూ కూడి భాగించాడు. మొదటిసారి 8,400 + 15,600 = 24,000, నూరు కిలోలకి 240. అందులో 70 అమ్మేశారు, మిగిలిన 30 కిలోల విలువ 7,200. కొత్తది 18,000. మొత్తం 25,200ని 120 కిలోలతో భాగిస్తే 210. అమ్మేసిన సరుకు తన ధరని తనతో పట్టుకుపోతుంది, అది మళ్లీ సగటులోకి రాకూడదు. కొత్త బస్తా దిగిన ప్రతిసారీ ఒక వరస రాసుకోండి: ఉన్నది, వచ్చింది, మొత్తం కిలోలు, మొత్తం రూపాయలు, సగటు. హమాలీ, ఆటో కిరాయి వచ్చిన సరుకు రూపాయల్లోనే కలపాలి. జీఎస్టీ తిరిగి క్రెడిట్‌గా వచ్చేదైతే కలపక్కర్లేదు. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉంటే ఆ క్రెడిట్ రాదు కాబట్టి అది మీ ఖర్చే, కలపండి. ముందొచ్చింది ముందు పోయినట్టు రాసే పద్ధతి కూడా ఉంది, సరుకు నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్ 2 రెండింటినీ ఒప్పుకుంటుంది. కానీ ఒకే డబ్బాలో కలిపేసిన కారానికి ఈ సగటే నప్పుతుంది.

ముక్తసరిగా:

ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు (కిలో 140), రెండు గ్లాసుల రవ్వ (కిలో 50). కిలో 80 పడినట్టేనా? – గ్లాసు కిలో కాదండీ. మీ గ్లాసు పప్పు 190 గ్రాములు, గ్లాసు రవ్వ 150 గ్రాములైతే 26.60 + 15 = 41.60, బరువు 490 గ్రాములు, కిలోకి దాదాపు 85. పిండి అమ్ముతుంటే నానబెట్టి రుబ్బాక తూచి, ఆ తూకంతో భాగించండి.

పది లీటర్ల పాలలో లీటరు తీసి లీటరు నీళ్లు పోస్తే, మళ్లీ అలాగే చేస్తే, పాలు 8 లీటర్లు మిగులుతాయా? – 8.1. రెండోసారి తీసిన లీటరులో పాలు 900 మిల్లీలీటర్లే. పరీక్షలో వస్తే 10 × 0.9 × 0.9 వేయండి.

200 రూపాయల సరుకు మీద 10 శాతం, 50 రూపాయల సరుకు మీద 30 శాతం లాభం వచ్చింది. సగటు లాభం 20 శాతమేనా? – లాభం 20 + 15 = 35, పెట్టుబడి 250. పద్నాలుగు శాతం.